ఇల్లూ... వ్యాపారం... ఛలో బ్యాంకాక్!

వారం రోజుల విహారయాత్ర కాదు. ఇంటికి తాళం వేసి, పిల్లల టీసీలు తీసుకుని, మిషన్లను ఓడెక్కించి... ఏకంగా థాయ్‌లాండ్‌లో కాపురం పెట్టేస్తే? ఆ ఆలోచన వచ్చినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. వందల ఏళ్ల కిందటే వెళ్లి అక్కడ నిలదొక్కుకున్న భారతీయులూ ఉన్నారు. కానీ, అక్కడ వ్యాపారానికి ఒక చట్టం, మనిషికి ఒక చట్టం, ఇంటిల్లిపాదికీ మరో చట్టం. మూడూ తెలుసుకున్నాకే పెట్టె సర్దుకోవాలి.

బ్యాంకాక్ అంటే మనకేం గుర్తొస్తుంది? నీళ్లమీద తేలే సంతలు, పడుకున్న బుద్ధుడి బంగారు విగ్రహం, సంచులకొద్దీ షాపింగ్. హైదరాబాద్‌లో రాత్రి విమానం ఎక్కితే తెల్లారేసరికి అక్కడుంటాం. ప్రయాణం మూడున్నర గంటలు. వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర ముందు నడుస్తుంది. 2023 నవంబరులో మన పర్యటకులను వీసా లేకుండానే రానివ్వడం మొదలుపెట్టాక బ్యాంకాక్ వెళ్లడం పొరుగూరికి వెళ్లొచ్చినంత తేలికైపోయింది.

ఆ తేలికే ఒక్కోసారి ఆశ పుట్టిస్తుంది. నున్నటి రోడ్లు, చవగ్గా దొరికే తిండి, నవ్వుతూ పలకరించే జనం... నాలుగు రోజులు తిరిగొచ్చిన ఏ వ్యాపారికైనా 'ఇక్కడే ఓ యూనిట్ పెట్టుకుంటే ఎలా ఉంటుంది' అనిపించడం సహజం. అయితే పర్యటకుడిగా చూసిన థాయ్‌లాండ్ వేరు, అద్దె ఇంట్లో ఉంటూ జీతాలిస్తూ పన్నులు కడుతూ చూసే థాయ్‌లాండ్ వేరు.

ఆ తేడా అర్థం కావాలంటే ఓ కుటుంబాన్ని ఊహించుకుందాం. విజయవాడ ఆటోనగర్‌లో రెండు లేత్ మిషన్లతో మొదలై, ఇప్పుడు వాహనాల విడిభాగాలు తయారుచేస్తున్న చిన్న యూనిట్ ఆయనది. లెక్కలన్నీ ఆవిడే చూసుకుంటుంది. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి నాలుగో తరగతి. ఈ నలుగురూ థాయ్‌లాండ్‌కి మకాం మార్చాలనుకుంటే ఏం జరుగుతుంది? అడుగడుగునా ఎదురయ్యే ప్రశ్నలేంటి?

మచిలీపట్నం దారిలోనే...

ముందుగా ఓ ముచ్చట. వాళ్లు మొదటివాళ్లేం కాదు. థాయ్‌లాండ్‌తో తెలుగు తీరానికి ఉన్న వ్యాపార బంధం వయసు కొన్ని శతాబ్దాలు. ఆ దేశానికి అయుత్థయ రాజధానిగా ఉన్న కాలంలో అక్కడి రాజాస్థానానికి కావాల్సిన అద్దకపు వస్త్రాలు మన కోరమండల్ తీరంలోనే తయారయ్యేవి. 'ఫా లాయ్' అని పిలిచే ఆ బట్టలమీద డిజైన్లు సయామీలవి, చేతిపని మనవాళ్లది. గోల్కొండ రాజ్యానికి ముఖ్య రేవైన మచిలీపట్నంలో బయల్దేరిన ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గుయి రేవుకు చేరేవి. అక్కణ్నుంచి అడవి దారిలో సరుకు అయుత్థయకు వెళ్లేది. 1656 నుంచి 1688 దాకా పాలించిన నారాయ్ మహారాజు కాలంలో ఈ రాకపోకలు జోరుగా సాగాయి.

తర్వాతి కాలంలో దారులు మారాయి కానీ ప్రయాణాలు ఆగలేదు. 19వ శతాబ్దంలో సూరత్ నుంచి వచ్చిన మస్కటీ కుటుంబం బ్యాంకాక్‌లో బట్టల వ్యాపారం చేసింది. అదే శతాబ్దంలో తమిళులు కట్టుకున్న మారియమ్మన్ గుడి సీలోమ్ రోడ్డులో ఇప్పటికీ కళకళలాడుతుంటుంది. దసరా నవరాత్రులకు అక్కడ మనవాళ్లకన్నా థాయ్ భక్తులే ఎక్కువగా కనిపిస్తారు. పంజాబ్ నుంచి వచ్చిన సిక్కు వ్యాపారులు పాహురాట్ ప్రాంతాన్ని బట్టల బజారుగా మార్చేశారు. అక్కడి గురుద్వారా బంగారు గుమ్మటం దూరానికే కనిపిస్తుంది.

ఇక ఫ్యాక్టరీల సంగతి. మనదేశంలో లైసెన్సులకోసం ఏళ్లతరబడి ఎదురుచూడాల్సిన రోజుల్లో ఆదిత్య బిర్లా విదేశీగడ్డమీద పెట్టిన తొలి కంపెనీ ఇండో-థాయ్ సింథటిక్స్. అది 1969లో మొదలైంది. 1988లో అలోక్ లోహియా థాయ్‌లాండ్‌కి మకాం మార్చారు. వాళ్ల నాన్నగారు అంతకు ముందే ఇండొనేసియాలో బట్టల మిల్లు పెట్టారు. కొడుకులు ముగ్గురూ మూడు దేశాల్లో వ్యాపారాలు చూసుకునేలా ఆ కుటుంబం విస్తరించింది. థాయ్‌లాండ్ వాటా అలోక్‌ది. 1994లో ఉన్ని దారం, ఆ తర్వాత నీళ్లసీసాలు తయారయ్యే పెట్ ప్లాస్టిక్... అలా పెరుగుతూ పోయిన ఇండోరమా వెంచర్స్ 2010లో బ్యాంకాక్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. ప్రపంచంలో పెట్ తయారుచేసే అతిపెద్ద సంస్థల్లో అదీ ఒకటి.

రాకపోకలు ఒకవైపే లేవు. మన రొయ్యల రైతులకు బాగా తెలిసిన అవంతి ఫీడ్స్‌లో థాయ్‌లాండ్‌కి చెందిన థాయ్ యూనియన్ సంస్థకు వాటా ఉంది. అంటే, అక్కడివాళ్లు ఇక్కడికి రావడమూ మామూలే.

కార్ల కార్ఖానా

ఆటోనగర్ యజమానికి థాయ్‌లాండే ఎందుకు గుర్తురావాలి? ఎందుకంటే ఆగ్నేయాసియాకి కార్ల కార్ఖానా అదే. టయోటా అక్కడ అడుగుపెట్టింది 1962లో. బ్యాంకాక్‌కి తూర్పున చోన్‌బురి, రయోంగ్ ప్రాంతాల్లో పారిశ్రామికవాడలు బారులు తీరి ఉంటాయి. పక్కనే లేమ్ చబాంగ్ రేవు. 2013లో ఆ దేశం 24 లక్షలకు పైగా వాహనాలు తయారుచేసింది. పెద్ద కంపెనీలకు చుట్టూ చిన్నా పెద్దా విడిభాగాల యూనిట్లు అల్లుకుపోయాయి. కంపెనీల లాభాలమీద పన్ను 20 శాతం. మన జీఎస్టీలాంటి వ్యాట్ చాలాకాలంగా 7 శాతం దగ్గరే ఉంది.

వినడానికి బాగానే ఉంది. అయితే నాణేనికి రెండోవైపు కూడా చూడాలి. 2024లో తయారైన వాహనాలు దాదాపు 14.7 లక్షలే. అదే ఏడాది జులైలో చైనా కంపెనీ బీవైడీ రయోంగ్‌లో విద్యుత్ వాహనాల ఫ్యాక్టరీ తెరిచింది. మరోవైపు సుజుకీ తన ఫ్యాక్టరీని మూసేస్తున్నట్లు ప్రకటించింది. పెట్రోలు ఇంజిన్‌కి కావాల్సిన చాలా విడిభాగాలు విద్యుత్ కారులో ఉండనే ఉండవు. కాబట్టి 'అక్కడ కార్లు బాగా తయారవుతాయట' అన్న ఒక్కమాట సరిపోదు. తాను తయారుచేసే భాగం రేపటి కారులో ఉంటుందా లేదా అన్నది ఆ యజమాని మొదట తేల్చుకోవాల్సిన విషయం.

49... 51

వ్యాపారం మొదలుపెట్టాలనుకునే విదేశీయులకు అక్కడ పెద్ద అడ్డుగోడ 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం. అందులో మూడు జాబితాలున్నాయి. ఆ జాబితాల్లోని వ్యాపారం చేయాలంటే కంపెనీలో విదేశీయుల వాటా సగానికన్నా తక్కువ ఉండాలి. అందుకే అక్కడ ఎవరిని కదిపినా '49-51' లెక్క చెబుతారు. 51 శాతం థాయ్ పౌరులది, 49 శాతం మనది.

మరి ఏ వ్యాపారం జాబితాలో ఉంది, ఏది లేదు? హోటల్ పెట్టి ఇడ్లీ సాంబారు అమ్మాలన్నా... అది జాబితాలో ఉంది. 10 కోట్ల బాట్లకన్నా తక్కువ పెట్టుబడితో చిల్లర దుకాణం... అదీ ఉంది. అకౌంటింగ్, ఇంజినీరింగ్, రకరకాల సేవలూ ఉన్నాయి. వాటికి పూర్తి యాజమాన్యం కావాలంటే ప్రత్యేక లైసెన్సు తీసుకోవాలి. వస్తువుల తయారీ, ఎగుమతులు మాత్రం చాలావరకూ జాబితాల బయటే ఉన్నాయి.

'హమ్మయ్య, మనది తయారీయే కదా' అనుకుంటాడు ఆటోనగర్ యజమాని. అక్కడే ఉంది తిరకాసు. సొంత డిజైన్‌తో తయారుచేసి అమ్మితే అది తయారీ. కొనేవాళ్లు ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం, వాళ్లకోసమే చేసిపెడితే అది సేవ కిందికి రావచ్చు. అంటే అదే లేత్, అదే ఇనుము, అదే పని... కాగితంమీద మాత్రం నిషేధిత జాబితా! జాబ్‌వర్క్‌మీద బతికే చిన్న యూనిట్లకు ఇది చావుబతుకుల సమస్య. లాయర్‌కి ఫీజు ఇవ్వాల్సింది కంపెనీ రిజిస్ట్రేషన్‌కి కాదు, ముందుగా ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పించుకోవడానికి.

దీనికో రాజమార్గమూ ఉంది. బోర్డ్ ఆఫ్ ఇన్వెస్ట్‌మెంట్... అందరూ బీఓఐ అంటారు. దేశానికి కావాల్సిన పరిశ్రమ అని ఆ బోర్డు ఒప్పుకుంటే పూర్తి యాజమాన్యం విదేశీయులకే దక్కేలా చూస్తుంది. ప్రాజెక్టును బట్టి కొన్నేళ్లపాటు లాభాలమీద పన్ను మినహాయింపు, యంత్రాల దిగుమతి సుంకంలో రాయితీ లాంటివీ ఉంటాయి. కాకపోతే ప్రాజెక్టు వివరాలన్నీ ముందే చెప్పాలి, చెప్పినట్లే చేయాలి. పాత యంత్రాలు తీసుకెళ్తానంటే వాటి వయసు, పనితీరుమీద ధ్రువపత్రాలు అడుగుతుంది. పాతికేళ్లనాటి లేత్‌ను ఓడెక్కించడంలో అర్థం ఉండదు.

అమెరికా పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్లకు మరో దారి ఉంది. థాయ్‌లాండ్‌తో అమెరికా 1966లో కుదుర్చుకున్న స్నేహ ఒప్పందం ప్రకారం అమెరికా పౌరులు చాలా రంగాల్లో తమ ఆధీనంలోనే కంపెనీ నడుపుకోవచ్చు. భారత పాస్‌పోర్టుకు ఆ సదుపాయం లేదు.

పేరుకి భాగస్వామి

మరో అడ్డదారి గురించి కూడా చెప్పుకోవాలి. 'మా డ్రైవర్ పేరు, ఆఫీసు అమ్మాయి పేరు రాయించండి. 51 శాతం వాళ్లదని చూపిద్దాం. సంతకాలు తీసి పెట్టుకుందాం' అని చెప్పే ఏజెంట్లు అక్కడా ఉన్నారు. ఒక్కపైసా పెట్టని ఇలాంటి బినామీ వాటాదారులను పెట్టుకోవడం నేరం. మూడేళ్లదాకా జైలు, లక్ష నుంచి పది లక్షల బాట్ల జరిమానా... లేదంటే రెండూ. శిక్ష పేరు పెట్టినవాళ్లకీ ఉంటుంది, పెట్టించుకున్నవాళ్లకీ ఉంటుంది.

చాలాకాలం దీన్ని అంతా చూసీచూడనట్లు వదిలేశారన్న మాట ఉండేది. ఆ రోజులు పోయాయి. 2025 మార్చి 28న మయన్మార్‌లో వచ్చిన భూకంపానికి బ్యాంకాక్‌లో కడుతున్న ప్రభుత్వ ఆడిట్ కార్యాలయ భవనం కూలిపోయింది. ఎంతోమంది కార్మికులు చనిపోయారు. దర్యాప్తులో భాగంగా ఆ నిర్మాణంలో పాలుపంచుకున్న ఓ చైనా కంపెనీ థాయ్ వాటాదారులు నిజమైనవాళ్లేనా అన్న ప్రశ్న వచ్చింది. బినామీలన్న అభియోగంమీద ఓ చైనా డైరెక్టరునీ, థాయ్ వాటాదారులనీ అరెస్టు చేశారు. అప్పట్నుంచీ విదేశీ వాటాలున్న కంపెనీలమీద నిఘా పెరిగింది.

నేరం సంగతి అలా ఉంచండి. మామూలు లోకజ్ఞానంతో ఆలోచించినా 51 శాతం రాసిచ్చిన మనిషి రేపు 'ఇది నా కంపెనీ' అంటే ఏం చేస్తారు? చట్టవిరుద్ధమైన ఒప్పందాన్ని పట్టుకుని కోర్టుకి వెళ్లలేరు కదా!

ఒక్క కాగితం నీడలో నలుగురు

కంపెనీ వచ్చేసిందనుకుందాం. ఇప్పుడు మనుషుల వంతు. యజమాని అయినా సరే, సొంత కంపెనీలో పనిచేయడానికి వర్క్ పర్మిట్ కావాల్సిందే. దాని లెక్క ఇదీ... మామూలు కంపెనీ ఒక్కో విదేశీయుడికి 20 లక్షల బాట్ల మూలధనం చూపాలి. నలుగురు థాయ్ ఉద్యోగులను పెట్టుకోవాలి. బాటు విలువ ఇటీవలి సంవత్సరాల్లో రెండున్నర రూపాయలకు అటూ ఇటూగా ఉంటోంది. అంటే దాదాపు అరకోటి రూపాయలన్నమాట. బీఓఐ గుర్తింపు ఉన్న కంపెనీలకు ఈ లెక్కల్లో సడలింపు ఉంటుంది.

మరి ఆవిడ సంగతి? భర్త వీసామీద ఆధారపడి వచ్చే భార్యకు ఉండటానికి అనుమతి ఉంటుంది, పనిచేయడానికి ఉండదు. ఆటోనగర్‌లో పదేళ్లుగా లెక్కలన్నీ రాసిన ఆవిడ అక్కడ సొంత ఆఫీసులో కూర్చుని ఒక్క బిల్లు రాసినా తప్పే. పర్మిట్ లేకుండా పనిచేస్తే 5 వేల నుంచి 50 వేల బాట్ల జరిమానా, ఆపై దేశంనుంచి పంపించేయడం. ఆవిడకీ పర్మిట్ కావాలంటే మామూలు కంపెనీ మరో 20 లక్షల బాట్లు, మరో నలుగురు ఉద్యోగులను చూపించాలి. పైగా అకౌంటింగ్, దుకాణంలో అమ్మకం, క్షౌరం, టూరిస్టు గైడు లాంటి వృత్తులు థాయ్ పౌరులకే కేటాయించి ఉన్నాయి. దాంతో ఆవిడ పర్మిట్‌లో ఏ హోదా రాయించాలన్నదీ ఆలోచించాల్సిందే. భార్యాభర్తలిద్దరూ కలిసి నడుపుకునే వ్యాపారాలే మన దగ్గర ఎక్కువ. వెళ్లేముందు లెక్కల్లో అందరూ మర్చిపోయేది దీన్నే. ఆదాయం సగమైందన్న బాధకన్నా, నిన్నటిదాకా వ్యాపారానికి వెన్నెముకగా ఉన్న మనిషి ఇవాళ్టినుంచి నాలుగు గోడలమధ్య ఖాళీగా కూర్చోవాల్సి రావడం పెద్ద బాధ.

ఇంకో విషయం. భార్యాపిల్లల వీసాలన్నీ ఆయన పర్మిట్‌కే ముడిపడి ఉంటాయి. ఆ పని పోయిందా... ఆయన ఉండే గడువు ఆ రోజుతోనే ముగుస్తుంది. ఆయనతోపాటే ఇంట్లో అందరిదీ. సర్దుకోవడానికి కావాలంటే దరఖాస్తు పెట్టుకుంటే ఏడురోజులు ఇస్తారు. పిల్లల పరీక్షలు వచ్చేవారమే ఉన్నా చట్టానికి సంబంధం లేదు. 1997 జులైలో బాటు కుప్పకూలినప్పుడు, 2011లో వరదలకు అయుత్థయ, పథుమ్‌థానీ పారిశ్రామికవాడలు ఏడు నీట మునిగినప్పుడు, 2020లో కొవిడ్ వచ్చినప్పుడు... వ్యాపారాలకు గడ్డుకాలం ఎలా చెప్పాపెట్టకుండా వస్తుందో థాయ్‌లాండ్ చూసింది. అలాంటప్పుడు విదేశీ కుటుంబానికి దెబ్బ రెండువైపులా తగులుతుంది. వ్యాపారం పోతుంది, ఇల్లూ కదులుతుంది.

పిల్లల విషయంలో మరో గడువుంది. తల్లిదండ్రులమీద ఆధారపడి ఉండే వీసా 20 ఏళ్లు నిండేవరకే. ఎనిమిదో తరగతి అమ్మాయికి చేతిలో ఉన్నది ఆరేడేళ్లు. ఆ తర్వాత విద్యార్థిగానో, ఉద్యోగిగానో తన వీసా తనే చూసుకోవాలి. అక్కడే పుట్టిన బిడ్డకైనా తల్లిదండ్రులిద్దరూ తాత్కాలిక వీసామీద ఉన్న విదేశీయులైతే పౌరసత్వం దానంతటదే రాదు.

ఇక రోజువారీ నియమాలు. 90 రోజులకోసారి 'ఫలానా చిరునామాలో ఉంటున్నాం' అని ఇమిగ్రేషన్‌కి తెలియజేయాలి. విదేశీయులు దిగిన విషయం ఇంటి యజమాని కూడా చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం రీ-ఎంట్రీ పర్మిట్. ఏడాది గడువున్న వీసా చేతిలో ఉంది కదా అని, ఈ పర్మిట్ తీసుకోకుండా చెల్లెలి పెళ్లికి విజయవాడ వచ్చారా... విమానం ఎక్కగానే ఆ వీసా రద్దైపోతుంది. ఒక్కసారికైతే వెయ్యి బాట్లు, ఎన్నిసార్లైనా వెళ్లి రావడానికైతే 3,800 బాట్లు. ఆ కాస్త ఖర్చుకి వెనకాడితే మొత్తం కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఏ బడి? ఏ మాట?

బ్యాంకాక్‌లో అంతర్జాతీయ పాఠశాలలకు కొదవలేదు. 1951లో మొదలైన ఇంటర్నేషనల్ స్కూల్ బ్యాంకాక్, 1957 నాటి బ్యాంకాక్ పటానా, 1998లో వచ్చిన హారో... పేరున్నవి చాలానే ఉన్నాయి. వాటి ఫీజులు మాత్రం ఏడాదికి లక్షల బాట్లలో ఉంటాయి. ఇద్దరు పిల్లలంటే ఓ చిన్న యూనిట్ లాభం మొత్తం అక్కడికే సరిపోవచ్చు. తక్కువ ఫీజుల బడులూ ఉన్నాయి కానీ ముందుగా వెళ్లి చూసుకోవాలి. థాయ్ బడుల్లో చదువు మేలో మొదలైతే, అంతర్జాతీయ బడుల్లో ఎక్కువగా ఆగస్టులో మొదలవుతుంది. మన జూన్‌కీ వాటికీ పొంతన కుదరదు.

తెలుగు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్న మరొకటుంది. అమ్మాయి ఇంజినీరింగో మెడిసినో ఇక్కడే చదవాలనుకుంటే? సాధారణంగా ఇంటర్ పూర్తయ్యేలోపు వరుసగా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివితేనే స్థానిక అభ్యర్థిగా గుర్తిస్తారు. తొమ్మిదో తరగతి నుంచి బ్యాంకాక్‌లో చదివిన అమ్మాయి తన సొంతూళ్లోనే నాన్‌లోకల్ అయిపోయే ప్రమాదం ఉంది. నాలుగో తరగతి తమ్ముడికి ఆ ఇబ్బంది లేదు, వెనక్కి రావడానికి ఇంకా సమయం ఉంది. అంటే, ఒకే ఇంట్లో అక్కకి సరిపడని ఏడాది తమ్ముడికి సరిపోతుంది! ఎప్పుడు వెళ్లాలన్నది కంపెనీ బ్యాలెన్స్‌షీటు ఒక్కటే తేల్చే విషయం కాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

భాష సంగతికొస్తే పరాయిదే అయినా చుట్టరికం ఉంది. భాషను వాళ్లు 'ఫాసా' అంటారు. గురువు 'ఖ్రూ', నగరం 'నఖోన్'. విమానాశ్రయం పేరు సువర్ణభూమి. ఏప్రిల్‌లో వచ్చే కొత్త సంవత్సరం పండగ సాంగ్‌క్రాన్... అంటే మన సంక్రాంతే! మన 2025 వాళ్ల బౌద్ధ శకంలో 2568. ఇంతవరకూ బాగానే ఉంటుంది. నోరు తెరిచాకే అసలు కష్టం. థాయ్‌లో అయిదు స్వరస్థాయిలున్నాయి. 'మా' అన్న ఒక్క అక్షరాన్నే మామూలుగా పలికితే 'రా' అని, గొంతు పెంచి పలికితే గుర్రం అని, కింది నుంచి పైకి సాగదీస్తే కుక్క అని అర్థం! పిల్లలు ఏడాదిలో పట్టేస్తారు. పెద్దవాళ్లే పట్టుదలగా నేర్చుకోవాలి. పనివాళ్లతో వాళ్ల భాషలో నాలుగు ముక్కలు మాట్లాడే యజమానికి దొరికే గౌరవమే వేరు.

తీసుకెళ్లేవి... వదిలేసేవి

* ఇంటి సామాను: వర్క్ పర్మిట్‌మీద మకాం మార్చేవాళ్లకు వాడిన గృహోపకరణాలమీద సుంకం మినహాయింపు ఉంది. మనిషి చేరడానికి నెల ముందు నుంచి చేరాక ఆరు నెలల లోపే అవి రావాలి. టీవీ, ఫ్రిజ్ లాంటివి కుటుంబానికి రెండేసి చొప్పున అనుమతిస్తారు. కారు ఈ మినహాయింపు కిందికి రాదు.

* ఇల్లు: విదేశీయులకు భూమి కొనే హక్కు లేదు. అపార్టుమెంటు ఫ్లాటు కొనుక్కోవచ్చు కానీ భవనం మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం మించకూడదు. అద్దెకైతే సాధారణంగా రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు ఇవ్వాలి.

* డబ్బు: ఇక్కణ్నుంచి పెట్టుబడి పంపాలంటే రిజర్వ్ బ్యాంకు విదేశీ పెట్టుబడి నిబంధనల ప్రకారం మన బ్యాంకు ద్వారానే పంపాలి. థాయ్‌లాండ్‌లో ఏడాదికి 180 రోజులు ఉంటే పన్ను పరంగా అక్కడి నివాసే. 2024 నుంచి సంపాదించిన విదేశీ ఆదాయాన్ని అక్కడికి తెచ్చుకుంటే దానిమీదా పన్ను పడొచ్చు. రెండు దేశాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ఉంది. ఆడిటర్‌ని ముందే కలవాలి.

* తిండి: కరివేపాకు, పప్పులు, అప్పడాలు పాహురాట్‌లో దొరుకుతాయి. శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. కూరగాయల వేపుడులోనూ చేపల సాసు వేస్తారు. 'జే' అన్న పసుపు జెండా కట్టిన దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు!

అరవకూడదు... తొందరపడకూడదు

మన షెడ్డుల్లో యజమాని గొంతు రోడ్డుమీదికి వినిపించినా ఎవరూ పట్టించుకోరు. థాయ్‌లాండ్‌లో పదిమంది ముందు పనివాణ్ని గద్దిస్తే మర్నాడు అతను రాకపోవచ్చు. నలుగురిలో పరువు తీయడం అక్కడ పెద్ద తప్పు. 'చాయ్ యెన్ యెన్' అంటారు వాళ్లు, మనసు చల్లగా ఉంచుకోమని. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టకూడదన్న మొహమాటానికి 'క్రెంగ్ చాయ్' అని ఓ పేరే ఉంది. ఆ మొహమాటంతోనే కుదరని పనికి కూడా తలూపుతారు. 'సరే' అన్నారంటే ఒప్పుకున్నట్లు కాదు, విన్నట్లు మాత్రమే అన్న సంగతి కొత్త యజమానికి బోధపడటానికి కొన్ని నెలలు పడుతుంది.

వయసులో పెద్దవాళ్లను 'పీ' అనీ, చిన్నవాళ్లను 'నోంగ్' అనీ పిలుచుకుంటారు. మన అన్నా, అక్కా, తమ్ముడూ పిలుపుల్లాగే. ఆ వరసలు కలుపుకున్నవాళ్లకు పనులు సాఫీగా సాగుతాయి. రాజకుటుంబం గురించి మాత్రం సరదాకైనా తేలిగ్గా మాట్లాడకూడదు. రాజును అవమానిస్తే మూడు నుంచి 15 ఏళ్ల జైలుశిక్ష పడుతుంది. పెద్దవాళ్లు జాగ్రత్తగానే ఉంటారు, ఫోన్లు చేతిలో ఉన్న పిల్లలకు చెప్పడమే మరవకూడదు.

కార్మిక చట్టాలూ గట్టివే. ఉద్యోగిని తీసేస్తే సర్వీసును బట్టి పరిహారం ఇవ్వాలి. నాలుగు నెలలు దాటినవారికి నెల జీతంతో మొదలై, 20 ఏళ్లు పనిచేసినవారికి 400 రోజుల జీతం దాకా ఉంటుంది. కంపెనీ పెట్టడానికి ఎంతవుతుందో లెక్కేసుకునేవాళ్లు మూయడానికి ఎంతవుతుందో కూడా లెక్కేసుకోవాలి.

రెండు తలుపులు

ఇన్ని చిక్కులున్నా కుటుంబాలు వెళ్తూనే ఉన్నాయి, నిలదొక్కుకుంటూనే ఉన్నాయి. అలా నిలబడటానికి దోహదం చేసే పద్ధతులు కొన్నున్నాయి. ముందు ఒక్కరే వెళ్లడం అందులో మొదటిది. కంపెనీ, పర్మిట్, మొదటి ఆర్డరు... ఈ మూడూ చేతికొచ్చాక, బడి కొత్త ఏడాది మొదలయ్యే నెలలో ఇల్లు కదపడం మంచిది. అప్పటిదాకా ఆటోనగర్ షెడ్డు మూయకూడదు. వీలైతే ఆ తర్వాత కూడా మూయకూడదు. లోహియాలు కూడా కొడుకులు ముగ్గుర్నీ ఒకే దేశంలో పెట్టలేదు కదా!

రెండోది శాశ్వత నివాసం. వరుసగా మూడేళ్లు ఏటా వీసా పొడిగించుకుంటూ, పన్నులు సక్రమంగా కట్టినవాళ్లు దానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఒక్కో దేశంవారికి ఏడాదికి వందమందికే ఇస్తారు. థాయ్ భాషలో మాట్లాడగలగాలి. ఖర్చూ ఎక్కువే, నిరీక్షణా ఎక్కువే. కానీ అది చేతికొస్తే ఆయన గడువు ఆ ఉద్యోగంతో ముడిపడి ఉండదు. కంపెనీకి ఇబ్బందొచ్చినా వారంలో ఇల్లు ఖాళీ చేయాల్సిన భయం పోతుంది. అందుకే మొదటి ఏడాది నుంచే పన్ను కాగితాలు, జీతం చీటీలు ఓ ఫైల్లో పెట్టుకోవాలి. పన్ను తగ్గించుకోవడానికి జీతం తక్కువ చూపించే తెలివితేటలు అక్కడ తర్వాత ఎదురుతిరుగుతాయి.

మూడోది అన్నిటికన్నా తేలికైనది. దానికి లాయరూ అక్కర్లేదు, ఫీజూ అక్కర్లేదు. వెళ్లేముందు ఓ ఆదివారం నలుగురూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆయన ఆర్డర్ల గురించి చెబుతాడు. ఆవిడ తనకు అక్కడ ఏం పని ఉంటుందో అడగాలి. అమ్మాయి తన ఇంటర్ ఎక్కడో అడగాలి. అబ్బాయి తన సైకిల్ సంగతి అడుగుతాడు, అడగనివ్వండి. ఎప్పుడు బయల్దేరాలన్నది ఎలాగూ మాట్లాడుకుంటారు. వ్యాపారం కలిసిరాకపోతే ఎన్నాళ్లు చూడాలి, ఎంత పోయాక ఆపాలి, వెనక్కొస్తే ఎక్కడ దిగాలి... ఈ మూడింటికీ ఆ రోజే జవాబులు రాసిపెట్టుకున్న ఇల్లు ధైర్యంగా విమానం ఎక్కొచ్చు.